సగం గడ్డం

పేటంతా హడలిపోయే వస్తాదుకి ఒకవైపే గడ్డం గీసి, మంగలి కత్తి మడిచేశాడు.

"ఏంట్రా, ఆపేశావు?"

"పొద్దున కుళాయి దగ్గర ముసలమ్మ బిందెని తన్నావంట కదన్నా."

"అక్కడ మనిషే లేదు. ఉత్త బిందె!"

"వరసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మన పేటలో అదే పద్ధతి."

"నాకే పద్ధతులు చెప్తావా? పళ్లు రాలగొడతా!"

"కొట్టన్నా. మరి రెండోవైపు ఎవరు గీస్తారు? ఇక్కడ ఇంకో మంగలి లేడాయె."

వస్తాదు అద్దంలో చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఏం చెయ్యమంటావ్?"

"బిందె నింపి, మూడో అంతస్తుకి మోసుకెళ్లి ఆవిడకిచ్చి రా."

"ఈ మొహంతోనా? అందరూ నవ్వరూ?"

"ఎవరు నవ్వుతారన్నా?" అన్నాడు మంగలి, నవ్వు బిగబట్టి. "నువ్వంటే అందరికీ భయం కదా!"