గొంగడికి నలుగురు

హలో… ఆ, నేనే సేఠ్ సాబ్, భాగోతం బీరప్పను… సలాం, సలాం. మీ ట్రంకాల్ వచ్చిందంటే కేతేపల్లి పోస్టాఫీసుకు ఉరికొచ్చిన. మొకం రంగు గూడ కడుక్కోలే…

ఆటనా? మస్తు నడుస్తాంది! ఆట నడుమ మీ చాయపత్తి ముచ్చట చెప్పకుంట ఎట్లుంట? రావణుడు సుత మీ చాయ్ తాగినంకనే లేస్తుండు… లే, లే, రాముడు గూడ తాగుతుండు! రెండు గిలాసలు…

లెక్కనా? మీ గుమాస్త కరీం ఎంత రాసిండు?… మూడొందల పది గొంగళ్లు. ఆ, గంతే. గొంగడికి నలుగురు కూసుంటరని మీరే గద లెక్క గట్టింది… పన్నెండొందల నలభై మంది. ఆ… వచ్చిండ్రు మరి!

నాలుగొందల మంది దాటితే నూరు రూపాలు, తక్కువైతే యాభై అన్నరు గద. గా నూరు జల్ది పంపుండ్రి సాబ్. హార్మోనియం షావుకారు కాడ కుదువ వెట్టిన. నాల్గొద్దుల సంది నోటితోనే వాయిస్తున్న, పెదవులు వాసినయ్…

ఏందీ?… ఆట బందా! ఎందుకు?… పన్నెండొందల మంది చాయ్ ముచ్చట ఇన్నరు కాబట్టి ఈడ ఇగ ఇనేటోళ్లే మిగల్లేరా?…

అయ్యో, జర ఆగుండ్రి! ఇంక మూడొద్దుల ఆట ఉండె గద… గట్ల కాదు సాబ్. కరీం జర ఎక్కువ రాసిండేమో. ఎనిమిదొందలు… గంత గూడ ఉండరు. ఆరొందలు… నాలుగొందల పది! దానికి ఒక్కడు తక్కువ లేడు. మా ఇంటిది గోపమ్మ మీద ఒట్టు—

నవ్వుతున్నరేంది?… కరీం చెప్పిండా?… ఏ గొంగడి?… గొంగడి కిందికెళ్లి 'మే' అన్నదా…

 

ఆ. నేనే చేసిన. మనిషికొక గొంగడి తెచ్చుకోండ్రని డప్పు కొట్టిపిచ్చిన. గొల్లోళ్లు మేకపిల్లల మీద గూడ కప్పి తెచ్చిండ్రు. గది నేను చెప్పలే, ఒట్టు!… ఎందుకా? మొన్న మర్రిగూడ ఆటల ఏమైంది? ఒక్కో గొంగడి మీద పదిహేను మంది కూసున్నరు, పోరగాండ్లు ఒళ్లె, ముసలోళ్లు కొసకు. కరీం ముప్పై గొంగళ్లు లెక్కవెట్టి నూట ఇరవై రాసిండు. యాభై చేతుల వెట్టిండ్రు. కడుపు మండదా సాబ్? గంత మంది కడుపుబ్బ నవ్విండ్రు, కొసకు కూసున్న సుక్కమ్మవ్వకు నవ్వి నవ్వి కండ్లల నీళ్లొచ్చినయ్. గామె ఏ లెక్కల పడలే. గది నాకు మస్తు బాధయ్యింది…

…ఆ…

నిజంగనా?… మర్రిగూడ యాభై గూడ ఇస్తరా! మీ కడుపు సల్లగుండ… ఆ? గొంగళ్లు కాదు, తలకాయలు లెక్కవెడతరా? ఎవరు, కరీమా?… మీరేనా! ఎప్పుడు?… ఇయ్యాల్నా!

సాబ్, ఇయ్యాల మబ్బు వట్టింది, రేపైతే— హలో? నాలుగొందల మందికి ఒక్కడు తక్కువైనా— హలో! సేఠ్ సాబ్!

…కట్టయ్యింది.

ఏయ్ భిక్షం! గా డప్పు తియ్యి. ఊరంత తిరుగు. రాత్రికి గొంగళ్లు ఇంట్ల వెట్టి మనుషులు రావాలని చాటు. సంటి పిల్లలు, ముసలోళ్లు, అలిగి పడుకున్నోళ్లు, అందరు… ఆ, అల్లుండ్లు గూడ.

…మేకలా?

వాటిని కట్టేసి రమ్మను!