ప్లాజా స్విచ్చి మీద మా ఆయన చెయ్యి

మేజిస్ట్రేటు గారికి,

నా పేరు యారిట్సా మల్దొనాదో. వయసు ఇరవై రెండు. ఇంటిపని, కుట్టుపని చేస్తాను. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి. నలుగురి ముందు మాట్లాడలేను, అందుకే రాసి ఇస్తున్నాను.

తుఫానుకు పెద్ద లైను తెగింది. మా కొండ ఊరికి ఏటి దగ్గరి చిన్న కరెంటు కేంద్రమే దిక్కు. మా ఆయన హెరిబెర్తో అక్కడ పని చేస్తారు. శనివారం మధ్యాహ్నం పచ్చి కందుల అన్నం తీసుకుని వెళ్ళాను. ఆయన ఫ్రీక్వెన్సీ మీటరు ముందు నిలబడి ఉన్నారు. ముల్లు అరవై మీద ఉండాలి. భారం ఎక్కువైతే దిగుతుంది, బాగా దిగితే కరెంటు పుట్టించే మర ఆగిపోతుంది. అందుకే ఆయన ఒక పేటకు కరెంటు ఇచ్చి, ముల్లు నిలిచాక ఇంకో పేటకు ఇస్తున్నారు.

మేయరు, కేంద్రం పెద్ద ఎవారిస్తో ఇద్దరూ వచ్చారు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

"ఏరా హెరీ, నీ ముల్లుకి ఇంకా నిద్ర వదల్లేదా? పండగ మొదలుపెట్టాలి. అందరికీ ఒకేసారి ఇచ్చెయ్" అన్నాడు మేయరు.

"మర కూలిపోతుంది మేయరు గారూ. కరెంటు వస్తే తెలియాలని మనవాళ్ళు ఫ్యాన్లు, టీవీలు అన్నీ వేసే ఉంచుతారు. ఫ్రిజ్‌లన్నీ ఒక్కసారే లేస్తాయి."

"ఓహో, పెళ్ళాం చూస్తోందని ఇంజనీరువైపోయావే!" అన్నాడు మేయరు.

"జరగరా పక్కకి" అని ఎవారిస్తో మిగిలిన స్విచ్చిలన్నీ వరసగా వేసేశాడు. పండగ జరిగే నడి ఊరి ప్లాజా స్విచ్చి కూడా. బయట జనం "వచ్చింది! వచ్చింది!" అని గిన్నెలు వాయించారు. ముల్లు దిగింది.

మా ఆయన ప్లాజా స్విచ్చి తీసేయబోయారు. అదొక్కటి తీస్తే మిగతా ఊరికి కరెంటు నిలిచేది. మేయరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "నా పండగ ఆర్పేస్తావా?" అన్నాడు. మర ఆగేదాకా వదల్లేదు. అంత భారం మోయలేక మర కాలిపోయింది. మేయరు ఉంగరం గుర్తు మా ఆయన చేతి మీద ఇంకా ఉంది. చూడండి. లాకప్‌లోనే ఉన్నారు కదా.

ఆయన చెయ్యి స్విచ్చి మీద ఉండటం కిటికీలోంచి జనం చూశారు. మేయరు చెయ్యి ఎవరికీ కనబడలేదట! ఇప్పుడు ఊరిని చీకటి చేసింది మా ఆయనట. మా గుమ్మం మీద ఉమ్ముతున్నారు.

సార్జెంటు బెర్ముదెస్ నన్ను పిలిచి, ఒక కాగితం ముందు పెట్టి, "సంతకం పెట్టు పిల్లా, మీ ఆయన్ని ఇంటికి పంపేస్తాం" అన్నాడు. చదవకుండానే పెట్టాను. పంపలేదు. అందులో మా ఆయన కోపంతో కరెంటు తీశాడని ఉందట. నేను ఆ మాట అనలేదు. నేను ఆ మాట అనలేదు.

ఇందులో ఉన్నది నేను కళ్ళారా చూసినది. ఎవరూ చెప్పి రాయించలేదు. ఆ మొదటి కాగితాన్ని నా ఎదురుగా కాల్చేయండి. చీకటి పడుతోంది, ఈ గదిలో దీపం లేదు. దాని వెలుగులో దీన్ని చదవండి.

యారిట్సా మల్దొనాదో
(నా చేవ్రాలు)