అందరికీ రాని ప్రకటన

తమ్ముడు భోజనానికి కూర్చోగానే అక్క తన ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టింది. అందులో ఒక ఎన్నికల ప్రకటన ఉంది.

"ఇది మీ పార్టీ ఆఫీసుదేనా?"

"నేనే రాశానక్కా! 'రొమ్ములో గడ్డ తగిలిందని దిగులా? మమ్మల్ని గెలిపించండి, వైద్యం ఉచితం.' అదిరింది కదూ?"

"మీ బావ ఫోన్‌కి రాలేదేం?"

"మగాళ్లకెందుకూ?"

"పక్కింటావిడకీ రాలేదు."

"ఊరందరికీ పంపితే దండగ కదక్కా. ఆ జబ్బు గురించి నెట్‌లో వెతికినవాళ్లకే..."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా... నీకు..."

"మెల్లగా మాట్లాడు. మీ బావ పక్కగదిలో ఉన్నారు. ఆయనకింకా తెలీదు."

"ఎవరితోనైనా చెప్పావా?"

"అమ్మతో కూడా చెప్పలేదు. మరి మీ నాయకుడికి ఎవరు చెప్పార్రా?"