బుల్లెమ్మగారు అడ్డం నిలబడిన గుమ్మం

ఆ పాలచెంబు అక్కడ పెట్టి కాసేపు కూర్చో, మహితా. నాగుల చవితినాడు పుట్ట దగ్గరికి వెళ్లేముందు పెద్దలను తలచుకోవడం మన ఇంటి మర్యాద. మా మామగారు నరసరాజుగారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి పటాన్‌చెరు వచ్చిన కొత్తలో, మన వైపు నుండి కొలువు వెతుక్కుంటూ వచ్చిన ప్రతివారికీ ఇంట్లో అన్నం పెట్టించారు. పెట్టించినది ఆయన, వండి వడ్డించినది మా అత్తగారు బుల్లెమ్మగారు. నేను చెప్పదలచినది ఆవిడ సంగతే.

ఇస్నాపూర్‌లో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు పెరటి గోడ అవతల పుట్ట, అందులో ఒక నాగుపాము ఉండేవి. అది ఉన్నన్నాళ్లు మన బియ్యం బస్తాకు ఎలుక పంటిగాటు పడలేదు. అత్తగారికి దానిమీద ఎంత భక్తి అనుకున్నావు! చవితికి మన కిరాయి గదుల్లో ఉండే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్లి, పుట్ట కన్నంలోకే చెంబులతో పాలు పోయించారు. ఆ పాలు లోపల పులిసి, చీమలు పట్టి, పుట్టంతా కంపు కొట్టింది. పాపం, అదెక్కడ ఉంటుంది? వచ్చి, కిరాయికుండే మొగులమ్మ గదిలో మంచం కింద చేరింది.

మొగులమ్మ కేకలకు ఆవిడ మగడు పెద్దరాములు కర్రతో వచ్చాడు. "జరుగు పెద్దమ్మా, ఒక్క దెబ్బకు అయిపోతది!" అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "దాని ఇల్లు పాడుచేసినది నేను, రాములూ. కర్ర దించు."

"ఏంది పెద్దమ్మా, పాముకు గిట్ల రూము కిరాయికిచ్చినవా? ఇగ మేం యాడ పండాలె?" అన్నది మొగులమ్మ.

"మా వసారాలో పండుకోండి. అది నీకంటే ముందు నుండి ఇక్కడ ఉన్నదమ్మా."

పెరటి తలుపు తీయించి, అందరినీ దూరం పంపారు. రాములు గొణుగుతూ బీడీ ముట్టించుకున్నాడు. పొద్దు వాలేవేళకు పాము జొన్నచేలోకి వెళ్లిపోయింది. మళ్లీ ఆ పుట్టకు రాలేదు. అత్తగారు ఉన్నన్నాళ్లు ప్రతి ఉదయం గోడమీదుగా తొంగి చూసేవారు. ఆ శీతకాలం ఎలుకలు బస్తాలు కొరికితే తానే కూర్చుని కుట్టుకున్నారు. మరుసటి చవితి నుండి పుట్ట పక్కన పసుపు, పూలు మాత్రమే పెట్టించి, పాలు పిల్లలచేత తాగించారు. "రాజుగారి ఇల్లాలు నాగన్న నోటికాడి పాలు గుంజుకుంటున్నది" అని వాడంతా అన్నారు. అననిచ్చారు.

ఏమిటి... ఆ, ఏమీ లేదు. కంట్లో నలుసు.

మీ అమ్మ కృష్ణప్రియకు నా కాసులపేరు ఇచ్చాను, మీ పిన్నికి ఇత్తడి గంగాళం ఇచ్చాను. పాము కనబడితే కర్ర పట్టకుండా, దూరంగా నిలబడి, పట్టి అడవిలో విడిచేవారికి ఫోను చేయడం ఇద్దరికీ నేర్పాను. ఈరోజు ఆవిడ సంగతి నీకు చెప్పాను. ఆ చెంబులో పాలు నువ్వే తాగు.