బురైదా తోటల ఈత కల్లు

(అరబ్బు దేశంలో, బురైదా పక్కన ఒక ఖర్జూరం తోటలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న లింగయ్య, కొత్తగా పనిలో చేరిన శీనుతో చెప్పిన ముచ్చట. ఇద్దరిదీ జగిత్యాల వైపు.)

“కాకా, దుకాన్ల అమ్మే బార్లీ నీళ్లల్ల పండ్లు ఏసి బీరు చేస్తరట గదా. నువ్వెప్పుడన్న చూసినవా?”

చూసుడేంది బిడ్డా, దగ్గరుండి చేయించిన. జర మెల్లగ మాట్లాడు. ఈడ దొరికితే జైలు, అటెన్క ఇంటికి పంపుడే, మల్ల రానియ్యరు. తాగెటందుకు గాదు మల్ల. నాకు చాయ చాలు. రాజం కోసం చేసినం.

రాజం నీకు తెల్వది, నువ్వు రాకముందు ముచ్చట. మా పక్కూరి గౌండ్లాయిన. వాళ్ల నాయిన ఈత చెట్లు గీసెటోడు. ఈయినేమో ఈడికొచ్చి ఖర్జూరం చెట్లెక్కుతుండె. రెండు చెట్లూ చూడనీకె అన్నదమ్ముల తీర్గనే ఉంటయి గదా. గని ఈడ గీసుడు లేదు, కాయలు తెంపుడే. రాజం చెట్టు మీదికెళ్లి మొత్తుకునేటోడు, “లింగన్నా, ఇన్ని చెట్లల్ల ఒక్క చుక్క దొరకదాయె. పెండ్లికొచ్చి ఉపాసమున్నట్టున్నది నా బతుకు!”

అగో, అప్పుడే వాళ్ల నాయిన పోయిండు. కోతల టైం. మా కఫీల్, అదే తోట ఆసామి, చెడ్డోడేం గాదు, కోతలైనంక పొమ్మన్నడు. రాజం దానం జేసుడు, అదే నాయినను కాలవెట్టుడు, ఫోన్లనే చూసిండు. మేమొచ్చిన కొత్తల ఫోనుకు లైన్ల నిలబడుతుంటిమి. మా అక్క పోయిన సంగతి నాకు ఉత్తరంలనే తెలిసింది. ఇప్పుడు చితి గూడ చేతుల కనబడ్తది. ఏది మంచిదో నాకైతె తెల్వది.

ఏం చెప్తున్న… ఆఁ, మూడొద్దుల నాడు ఊర్లె పిట్టకు పెట్టిండ్రు. అన్నం, కోడికూర, కల్లు, ఆయినకు ఇష్టమైనయన్ని. పిట్ట ముట్టలే. పొద్దు నెత్తి మీదికొచ్చినా ముట్టలే. పెద్దమనుషులు ఏమన్నరు? “పెద్దకొడుకు మీద మనసున్నది ఆయినకు. పదొద్దుల నాడు రాజాన్ని ఆడనే పెట్టమనుండ్రి” అన్నరు. రాజం మూడు దినాలు సక్కగ తినలే. కూర పెట్టొచ్చు, అన్నం పెట్టొచ్చు, కల్లు ఏడికెళ్లి తేవాలె? కల్లు లేకుంట ఆయిన నాయిన ఎన్నడు బువ్వ ముట్టెటోడు గాదట.

ఒకనాడు చూస్తె కత్తి పట్టుకోని చెట్టు మెడకాడ కూసున్నడు. గీస్తడట! “దిగు రా పిచ్చోడా, కఫీల్ ఈ చెట్లను పిల్లల లెక్క సూసుకుంటడు. నీ నాయిన ఎంబడి నువ్వు గూడ పోతవా?” అని దించిన.

ఇగ ఈ బార్లీ నీళ్ల ఉపాయం. పంపు షెడ్డుల ఒక క్యాను పెట్టి చక్కెర, ఈస్టు ఏసినం. పొంగింది గని వాసన? బేకరీల నిలబడ్డట్టే. రాజం మూతి వంకరబెట్టి, “ఇది పెడ్తే మా నాయిన లేసొచ్చి తంతడు” అన్నడు. నారింజ రసం పోసి చూసినం. దగ్గు మందు లెక్కైంది. కాదు కాదు, ముందుగాల అనాస పోసినం, అటెన్క నారింజ. ఏదైతేంది, రెండూ ఖరాబే. ఆఖరికి రాజమే మెత్తటి పండు ఖర్జూరాలు ఏరి, పిసికి, తెల్ల గుడ్డల మూటగట్టి క్యాన్ల ఏలాడదీసిండు. రెండొద్దులకు మూత తీసి మల్ల మల్ల వాసన చూడవట్టె. “ఏందిరా?” అంటె, “నాయిన మోకు వాసనొస్తున్నదన్నా” అన్నడు. మోకంటె గా నడుముకు కట్టుకోని చెట్టెక్కుతరు సూడు, అది.

పదొద్దులు రానే వచ్చింది. రాజం గుండు గీయించుకున్నడు. క్యాను తెద్దామని షెడ్డుకు పోతె, మోటరు బందయిందని మా ముదీర్ ఇద్రీస్, అదే తోట మేనేజరు, ఆడనే ఉన్నడు. సూడాని ఆయిన, పెద్ద నమాజీ. క్యాను దిక్కు సూసిండు. “ఏష్ హాదా?” అన్నడు, ఇదేందని. నేను “ఖల్, ఖల్” అన్న, సిర్కా, గదే వెనిగర్ అన్నట్టు. ఖర్జూరం సిర్కా ఈడోళ్లు చేసుకుంటరు గదా. ఆయిన రాజం గుండు సూసి, “నువ్వేంది, ఉమ్రా పోయొచ్చినవా?” అన్నడు హిందీల. ఆళ్లు గా యాత్రకు పోతె గుండు చేయించుకుంటరు. రాజం అబద్ధమాడలే. “బాబా మర్ గయా” అన్నడు. పిట్టకు కల్లు ఎందుకు పెట్టాల్నో గూడ చెప్పిండు.

ఇద్రీస్ మెల్లగ ఏదో దువా చదివిండు. అటెన్క క్యాను తన్ని, “పారబోయి. నా ముంగటనే” అన్నడు. రాజం దండం పెట్టి ఒక్క గిలాసడిగిండు. “లా” అన్నడు, ఇయ్యనని. కాలువల పోసినం. ఇసుక తాగింది. గుడ్డ మూట మాత్రం క్యాన్ల అడుగున మిగిలింది. ఆయిన అది గూడ సూసిండు బిడ్డా. సూసి మోటరు దిక్కు మల్లిండు. నేనైతె గట్లనే అనుకుంట.

నీళ్ల హౌజు గోడ మీద పళ్లెం పెట్టినం. ఈడ కాకులుండయి. రాజం వీడియో కాల్ చేసిండు, అటు దిక్కు వాళ్ల అవ్వ, అదే తల్లి, తమ్ముడు. “ఏ పిట్టయితేంది కొడుకా, ముడ్తె సాలు” అంటున్నది ముసలామె. ఏదీ వస్తలేదు. రాజం మొక్కిండు, “తమ్ముని పెండ్లి జేస్త నాయినా, అవ్వను సూసుకుంట.” ఊహూఁ. కూర ఎండిపోవట్టె. ఇగ మూట ఇప్పి, నానిన ఖర్జూరం పిప్పి పళ్లెంల పెట్టిండు.

తెల్ల చెంపల పిట్ట ఒకటి కొమ్మ మీదికెళ్లి దిగింది. అన్నం సూడలే, కోడికూర సూడలే. సక్కగ పిప్పిల ముక్కు పెట్టింది. ఫోన్ల అవ్వ, “ముట్టె! ముట్టె!” అని ఒక్కటే ఏడుపు. పిట్ట పోతలేదు, తింటనే ఉన్నది. రాజం కండ్లల్ల నీళ్లు కారుకుంట నవ్విండు. “ఇగ సాలు నాయినా, నెత్తికెక్కుతది” అన్నడు.

చేసుడేం పెద్ద పని గాదు బిడ్డా. నువ్వు గమ్మతుకడిగినవు, నాకెరికే. మీ అవ్వ నాయిన పాణం గట్టిగుండాలె, నువ్వు సల్లగుండాలె. గసోంటి అవసరం నీకెన్నడూ…