సూడి గొర్రెల దొడ్డి

అయిలవ్వ, ఇరవై మూడేండ్లది, చేతికేదంటినా కొంగుకే తుడుచుకునేది. కుర్మోళ్ళ కోడలు, వందకు మించి గొర్రెలున్న ఇల్లు, చేతులు కడుక్కునే తీరిక యాడిది చెప్పు. గొర్రె నెలలు నిండకముందే పిల్లను పడేస్తే ఈసుకపోయిందంటం గదా, ఆ చచ్చిన పిల్లను, మాయను ఎత్తి పారేసుడు ఆ ఇంట్ల కోడలి పని. మగోళ్ళు ముట్టరు. దేవుని గంప మోసే చేతులంట వాళ్ళవి. మరి మనయి ఏం మోసే చేతులో అడిగినోళ్ళు లేరు.

ఏమైందంటే, పోయినేడు ఆమెకు ఐదో నెల కడుపు పోయింది. అంతకు కొన్ని దినాల ముందే ఈసుకపోయిన గొర్రెలవి మూడు ఎత్తి పారేసింది. గాలి సోకిందన్నది అత్త, అంతే, అయిపోయింది. మళ్ళా నాలుగో నెల. ఈసారి దవాఖానకు సూదికని పోతే, ఏం పనిచేస్తవు, ఏం తింటవు అని నర్సమ్మ అడిగిందంట. ఈమె చెప్పింది. నర్సమ్మ నెత్తి పట్టుకొని, ఓ తల్లీ, ఈసుకపోయిన జీవాన్ని ముట్టకు, మాయను ముట్టకు, దాంట్ల రోగముంటే నీ కడుపులకొస్తది, పిండిన పాలు పిండినట్టే తాగకు, మంచిగ మరగబెట్టు, నిప్పుల మీద సగం కాలిన కార్జం తినకు, మెత్తగ ఉడికించుకో, చేతులు సబ్బుతోని కడుక్కో అన్నది. పోయినసారి దాంతోనే పోయిందా అమ్మా అంటే, "అది నేను చెప్పలేను, ఈసారి మాత్రం పోనియ్యకు" అన్నదంట.

ఇంటికొచ్చి చెప్తే అత్త కొమ్మవ్వ లేసింది. "నేను ముట్టలేదా? ఐదుగురిని కనలేదా?"

"కన్నవు అత్తా. కడుపులనే పోయినోళ్ళు ఎందరు?"

కొమ్మవ్వ పొయ్యి దిక్కు తిరిగింది. పోయినోళ్ళను ఎవరు యాదుంచుకుంటరు, తల్లి తప్ప.

ఇగ ఒకనాడు పొద్దుగాల గొర్రె ఈసుకపోయింది. మామ ఏమన్నడనుకున్నరు? "ఓ బీరయ్యా, కడుపుతోనున్న సూడి గొర్రెలన్నిటినీ అవతలి దొడ్లెకు తోలు, ఈ రోగం అంటితే అన్నీ ఈసుకపోతయి" అని కొడుకును కేకేసిండు. కొడుకు తోలిండు, అడ్డం తడిక కట్టిండు. అంతా అయినంక మామ ఇంటి దిక్కు తిరిగి, "కోడలా, రా, ఇదెత్తు" అన్నడంట.

అయిలవ్వ వచ్చింది, చూసింది. కొట్లాడే ఓపిక యాడిది ఆమెకు. సక్కగ అవతలి దొడ్డికి పోయి, తడిక విప్పి, సూడి గొర్రెల నడుమ కూసుంది.

"పిచ్చి లేసిందా? ఆడేం చేస్తున్నవ్?"

"నువ్వే గద మామా, సూడియన్నీ ఇటు తోలుమన్నవు."

బీరయ్య నవ్వబోయి, అయ్య మొఖం చూసి ఆపుకున్నడు. కొమ్మవ్వ వచ్చింది. ఇగ జుట్టు పట్టి లేపుతదనుకుంది కోడలు. కొమ్మవ్వ గొర్రెల కడుపులు చూసింది, కోడలి కడుపు చూసింది, మొగుని దిక్కు తిరిగి, "నీ చేతులేమైనయి?" అన్నదంట. ముప్పై ఏండ్లకు అడిగింది, చూడున్రి. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొని మామనే ఎత్తిండు, గుంత తీసి సున్నమేసి పూడ్చిండు. ఆ ఆదివారం దేవుని గంప కూడా మోసిండు. దేవుడేమీ అనలేదు.

నేనూ గొర్రెలోళ్ళ కోడలినే, నాకెవరూ తడిక కట్టలేదు తల్లులారా, నేనూ పోయి కూసోలేదు. అయిలవ్వకు నిండు నెలలకు బిడ్డ పుట్టింది. కాన్పయిన దవాఖానల్నే ఇగ పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకుంది. ఇంట్ల ఎవ్వరినీ అడుగలేదు.