నూనె అమ్మిపెట్టిన తిట్లు

నాంచారమ్మకి మొగుడి మీద కోపం రావటం కొత్తేం కాదు, కాపరానికొచ్చిన కాడ్నించీ ఉన్నదే. కానీ ఆ ఏడు వచ్చిన కోపం ఉంది చూశారూ, అది ఇంట్లో పట్టే కోపం కాదు. మొగుడి పేరు గురవయ్య. ఇద్దరూ గానుగ ఆడించుకుని, నువ్వుల నూనె అమ్ముకుని బతికేవాళ్ళు. గురవయ్య మంచోడే, నూనె కూడా మంచిదే. మరి ఏమైందంటే, పట్నం నుంచి డబ్బా నూనె దిగిందంట ఊళ్ళోకి. అందులో ఏం కలిపారో ఆ కలిపినోడికే తెలవాలి, చవగ్గా మాత్రం వస్తది. జనానికి ఇంకేం కావాలి? గానుగ కాడికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేశారు. కుండల్లో నూనె కుండల్లోనే ఉంది. అటు చూస్తే ఎద్దుకి మేత నిండుకుంది. ఆ ఎద్దు నాంచారమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న దూడ, కుడితి పెట్టి ఆవిడే సాకింది. ఇప్పుడది ముసలిదయింది. ముసలి గానుగెద్దుని సంతకి తోలితే ఎవరు కొంటారు? దున్నేవాడు కొనడు, బండి కట్టేవాడు కొనడు. కొనేవాడు ఒక్కడే, ఆడు దేనికి కొంటాడో నా నోటితో చెప్పించబాకండి. "దసరా లోపు ఈ నూనె పోతే సరి, లేకపోతే ఎద్దుని సంతకి తోలాల్సిందే" అన్నాడంట గురవయ్య. ఆ మాట విన్నకాడ్నించి నాంచారమ్మకి ముద్ద దిగితే ఒట్టు.

సరే, నూనె ఉన్నట్టు నలుగురికీ తెలిస్తే కదా కొనేది, అని గురవయ్యకి ఒక బుద్ధి పుట్టింది. పుట్టకపోయినా బాగుండేది. ఏమే, దండోరా వేయిస్తా అన్నాడు. "దండోరానా? మన ఊళ్ళో తప్పెట ఎందుకు మోగుద్దయ్యా? శిస్తు కట్టమనీ, జప్తుకొస్తున్నారనీ, గత్తర రోగమొచ్చిందనీ. మంచి మాటకి ఎప్పుడన్నా మోగిందా?" అంది నాంచారమ్మ. నీకేం తెలుసు, ఊరంతా ఒక్కసారే వింటది అన్నాడీయన. తప్పెట కొట్టే చెన్నయ్య కూడా చెప్పి చూశాడంట, వద్దు మావా, నా తప్పెట వింటే జనం దగ్గరికి రారు, దూరం పోతారు అని. వింటేగా? ఇంట్లో ఉన్న నువ్వుల్లో కుంచెడు కొలిచి చెన్నయ్య కండువాలో పోశాడు. ఉన్నవే నాలుగు గింజలు, అందులో కుంచెడు తప్పెటకి పోయినై, అనుకో. ఇంకేముంది, పొద్దున్నే చెన్నయ్య తప్పెట మీద ఒక్క దెబ్బ వేశాడో లేదో, ఊరు ఊరంతా లేచింది. ఇత్తడి బిందెలు గడ్డివాముల్లోకి పొయ్యినై. మేకల్ని చేలల్లోకి తోలేశారు. తలుపులు ధనాధనా మూసుకుపోయినై. "ఊరి జనానికి తెలియజేసేదేమంటే, గురవయ్య గానుగలో అసలైన నువ్వుల నూనె" అని చెన్నయ్య గొంతు చించుకుంటుంటే, వినేదానికి వీధిలో కుక్కలు తప్ప నరమానవుడు లేడు. తలుపు సందులో చెవి పెట్టిన ముసలాయన ఒకాయన మటుకు, నూనె గురించి చాటింపయిందని తెలుసుకున్నాడంట. దండోరా వేసి మరీ చెప్పారంటే ఏమయ్యుంటది? నూనె మీద కూడా పన్నేశారన్నమాట. పొద్దు గూకేలోపు ఊరంతా అదే మాట. అప్పటిదాకా సోలెడో తవ్వెడో పట్టుకుపొయ్యేవాళ్ళు కూడా, మాకొద్దమ్మా ఆ నూనె అని మానుకున్నారు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్టయింది. నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. నువ్వెందుకే నవ్వుతావు సీతారావమ్మా, మీ ఆయన కోళ్ళ వ్యాపారం పెట్టిన సంగతి నన్ను చెప్పమంటావా?

అక్కడితో ఆగాడా మహానుభావుడు? ఆగలా. ఎవరో చెప్పారంట, పెద్దిళ్ళల్లో వాడితే ఊరంతా వాడుతుందని. ఇంక చూడు, కరణం గారింటికి ఒక చెంబు, మునసబు గారింటికి ఒక చెంబు, పూజారి గారికి దీపానికని ఒక చెంబు, ఊరికే పోసొచ్చాడు. మా నూనె గురించి నలుగురిలో ఓ మాట అనండయ్యా అని దణ్ణం పెట్టి మరీ వచ్చాడు. అన్నారా? కరణం గారి భార్య తలకంటుకుని, బాగుంది గురవయ్యా, మళ్ళీ ఎప్పుడు తెస్తావు అందంట. మునసబు గారి పాలేరైతే ఖాళీ చెంబు పట్టుకుని తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇదంతా చూసినవాళ్ళు ఏమనుకున్నారు? ఓహో, ఇది పెద్దిళ్ళకి పొయ్యే నూనె, మనబోటోళ్ళు అడిగే ధరా అది, అనుకుని గానుగ వైపు తల తిప్పటమే మానేశారు. "ఊరికే పోసేదానికి గానుగెందుకయ్యా, కుండలన్నీ తీసుకెళ్ళి కాలవలో పొయ్యి, చేపలన్నా తలంటుకుంటయ్యి" అంది నాంచారమ్మ. తిట్టినా పలక్కుండా కూర్చునే మొగుడు ఉంటాడే, ఆడితో వచ్చే విసుగు ఇంకెవరితోనూ రాదు, మీకు తెలవందేముంది.

దసరా ముంచుకొచ్చింది. ఒక సంత రోజు పొద్దున నాంచారమ్మ దొడ్లో పేడ ఎత్తుతా తల తిప్పి చూసేసరికి కట్టుగొయ్య కాడ ఎద్దు లేదు. పేడచేతుల్తోటే వీధిలోకి ఉరికింది. గురవయ్య పలుపు పట్టుకుని తోలుకుపోతున్నాడు. ఆవిడ పొయ్యి ఆయన చేతి కింద వేలాడే పలుపు కొస పట్టుకుంది. ఈయన ఇటు లాగుతాడు, ఆవిడ అటు లాగుతుంది. గానుగెద్దుకి సుట్టూ తిరగటం తప్ప ఇంకేం తెలుసు? అది వాళ్ళిద్దరి సుట్టూ తిరగటం మొదలెట్టింది. పలుపు ఇద్దరికీ కలిపి సుట్టుకుంటా వచ్చింది. అట్టా మొగుడికి కట్టేసినట్టు నిలబడి, ఎత్తుకుంది నాంచారమ్మ. "ఏమయ్యా, డబ్బాలోళ్ళు నానా చెత్తా కలిపి మిద్దెలు కట్టుకుంటంటే, నువ్వు గుప్పెడు వేరుశనగ్గింజలు కలపనంటివి. నే చెప్పానా లేదా? చచ్చుగింజ ఒక్కటి కనపడనీవు, ఏరలేక నా కళ్ళు పొయినై. కడిగిన నువ్వులు మళ్ళీ కడగమంటివి, నా చేతులు ఒరిసిపొయినై. మడ్డి ఇంకా దిగలేదని, తేరుకోలేదని, గిన్నె పట్టుకొచ్చినోళ్ళని తిప్పి పంపితివి. సోలెడు కొంటే గిద్దెడు కొసరు పోస్తివి, నీ అబ్బ సొమ్ము ఉన్నట్టు. ఇంత నీతిగా బతికి ఏం బావుకున్నావు? నా ఎద్దుని కోతకి తోలుకుపోతున్నావు. దొంగ నూనె అమ్మినా నా ఎద్దు బతికేది గదయ్యా" అని బావురుమంది.

తప్పెట వింటే తలుపులేసుకున్న ఊరు, మొగుడూపెళ్ళాల పోట్లాట వింటే తలుపులేసుకుంటదా? పిడకలు కొట్టేవాళ్ళు పిడకలు, పిల్లలకి పాలిచ్చేవాళ్ళు పిల్లల్ని పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఒక్క మాట పొల్లు పోకుండా విన్నారు. ఆలోచించండి మీరే. పొగిడే మాటలో అబద్ధం ఉండొచ్చు గానీ, పెళ్ళాం మొగుణ్ణి నడివీధిలో తిట్టే తిట్టులో అబద్ధం ఎందుకుంటది? రత్తమ్మని ఒక అవ్వ ముందుకొచ్చి, "ఏం కలపడా మీ ఆయన? నిజంగానా?" అంది. "కలిపితే నాకీ గతెందుకవ్వా" అంది నాంచారమ్మ ముక్కు చీదుకుంటా. "పన్నేశారన్నారే?" "నీ మొహం పన్ను. అది ఈయన వేయించిన దండోరా." "గిద్దెడు కొసరు నిజమేనా?" అంది అవ్వ మళ్ళీ. "పో, పొయ్యి గిన్నె తెచ్చుకో, నీకూ పోస్తాడు ఈ దాత" అని కసిరింది. కసిరిందే గానీ, రత్తమ్మవ్వ నిజంగానే గిన్నె తెచ్చుకుంది. ఆవిడ ఎనకమాల ఇంకోళ్ళు, ఆళ్ళ ఎనకమాల ఇంకోళ్ళు. సంతకి పోవాల్సినాయన పలుపు ఇప్పుకుని గానుగ కాడికి పరిగెత్తాడు. మజ్జాన్నానికి కుండలు అడుగంటినై. ఎద్దు దాని కట్టుగొయ్య కాడికి అదే పొయ్యి నిలబడింది.

కథ ఇక్కడితో అయిపోతే నేనూ సుఖంగా పడుకుందును. గురవయ్య ఊరుకునే మనిషా? మళ్ళీ నూనె తీసిన రోజున వచ్చి, "ఏమే, ఒక్కసారి వీధిలోకొచ్చి తిట్టవా" అన్నాడంట. ఆ మాటకి ఆవిడకి నిజంగానే ఒళ్ళు మండి, దొరికిన మాటల్లా తిట్టింది. జనం గిన్నెలు పట్టుకుని దిగారు. అప్పట్నించి అదే వరస. ఇంటి కప్పు కురుస్తుందని తిట్టినా గిన్నెలే, ఎద్దుకి కుడితి పెట్టకుండా పోయాడని తిట్టినా గిన్నెలే. "ఇది నూనె గొడవ కాదమ్మా, కప్పు మీద తాటాకు మార్చమని అడుగుతున్నా" అంటే, "కానీలే నాంచారమ్మా, నాకు తవ్వెడు చాలు" అనేవాళ్ళంట. మేతకి లోటు లేదు, కుండలు ఖాళీ అవుతున్నయ్యి, ఎద్దు బొద్దుగా అయింది. ఆవిడకి మాత్రం మనసులో మాట అనుకునేదానికి చోటు లేకుండా పోయింది. ఒకరోజు తట్టుకోలేక కొట్టంలోకి పొయ్యి, ఎద్దు మెడ మీద తల ఆనించి, "నీ కోసం నోరు చేసుకున్నానే, ఇప్పుడు నా కష్టం నేను చెప్పుకునే నోరు లేకుండా చేశారే నాకు" అని గొణుక్కుంటా ఏడ్చింది. అప్పుడు దడి అవతల నుంచి గురవయ్య, "ఏమే, కాస్త గట్టిగా అనవే, వీధిలోకి వినపట్టంలా" అన్నాడు.

దానికి నాంచారమ్మ ఏమందో మాత్రం నన్నడగబాకండి, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ గొంతు లేచిందో లేదో, విన్నోళ్ళంతా గిన్నెల కోసం ఇళ్ళకి పరిగెత్తారంట.